మూడు దినాలు తల తడపకూడదు

అనంతపురంలో మా వీధి చివర డిగ్రీ చదివే పిల్ల ఒకతి ఉంది. నాకున్నట్టే దానికీ రింగుల జుట్టు. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని మా ఇంటికి ఊడిపడింది.

"అక్కా, ఇది చూడు. మన తలకు పద్ధతి ఇదేనంట."

చూశాను. తల తడిగా ఉన్నప్పుడే చిక్కు తీయాలట. దువ్వెనతో కాదట, వేళ్ళతోనట. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలట. తువాలుతో రుద్దకూడదట, పాత బనీను గుడ్డతో ఒత్తాలట. అన్నిటికంటే గొప్పది చివర్లో వచ్చింది. అన్నం ఉడికిన నీళ్ళు సీసాలో పోసి, మీద ఇంగ్లీషు పేరొకటి అంటించి అమ్ముతున్నారు.

"గంజి" అన్నాను.

"ఏందక్కా?"

"దాన్ని గంజి అంటారే తల్లీ. మా అవ్వ వారం వారం నా నెత్తిన పోసేది. సీసా లేదు, పేరు లేదు, చెంబుతో."

ఆ పిల్ల నమ్మలేదు. ఫోనులో చెప్పినదాని కంటే మా అవ్వకు ఎక్కువ తెలుసంటే ఎవరు నమ్ముతారు! నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. అవ్వ పోసిన గంజి గుర్తుకొస్తే, దాని వెనకే ఆ వానా గుర్తుకొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ వాన నన్ను వదల్లేదు.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మెట్ట సేద్యం, వేరుశనగ తప్ప మరో పంట తెలియదు. అవ్వంటే మా నాయనను కన్న తల్లి. ఇంట్లో నాయనకూ అమ్మకూ కడ్డీల్లాంటి జుట్టు. అవ్వ తల మాత్రం రింగులు రింగులు. అది నాయనను దాటుకుని తిన్నగా నా నెత్తి మీదికి వచ్చింది.

మా ఊళ్ళో బోరునీళ్ళు బిందెకు తెల్లగా పొరకట్టే రకం. అవి పోసుకుంటే నా జుట్టు కొబ్బరి పీచే. మంచినీళ్ళ ట్యాంకరు నాలుగైదు దినాలకొకసారి వచ్చేది. మిగతా వాళ్ళకు తలకొక బిందె చాలు, నా తలకు రెండు కావాలి. అమ్మకు అక్కడే మండేది.

"నీ తలకు పోసే నీళ్ళు కొత్తిమీర మడికి పోస్తే ఇంత పంటన్నా వస్తాది కదే!" అని అరిచేది.

అవ్వ మాత్రం తన బిందె తెచ్చి నా పక్కన పెట్టేది. ఆ వారం ఆమె తలకు పోసుకోలేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. పిల్లలకు ఇవన్నీ ఎక్కడ తడతాయి?

అమ్మ దువ్వితే దువ్వెన పళ్ళు విరిగేవి, నా ఏడుపు వీధి చివరకు వినబడేది. అందుకని ఆదివారం నా తల అవ్వకు అప్పజెప్పారు. ఇంటి ముందర మెట్టు మీద ఆమె, కింది మెట్టు మీద నేను. ముందు కుంకుడు రసం, తర్వాత గంజి, తల తడి ఆరకముందే అరచేతిలో ఇంత ఆముదం. ఒక్కో పాయా విడదీసి కొస నుంచి వేళ్ళతో పైకి వచ్చేది. చెవి దగ్గరికి చేరేసరికి నాకు నిద్ర పట్టేది.

"శెనక్కాయ చెట్టు పీకినట్టు పీకితే ఎట్ల? అది వేరు, ఇది వేరు," అని అమ్మకు వినబడేటట్టు అనేది. "నా తలే దీనికొచ్చె. తప్పు నాదే కాబట్టి చిక్కు నేనే తీస్తా."

బడిలో నా పేరు పిచ్చుకగూడు. ఇంటర్‌లో చింపిరిది. ఏడ్చుకుంటూ వస్తే అవ్వ ఒకటే అనేది. "జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడతాది. లేనమ్మలు అట్లే అంటార్లే, గమ్మునుండు."

బీఈడీ అయిపోయాక ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగానికి వెళ్ళాను. అప్పటికి రెండేళ్ళుగా పంట లేదు. నాకు ఉద్యోగం వస్తేనే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ పొద్దు నాలుగింటికే లేచి, గంటసేపు తల దువ్వుకుని, నూనె పెట్టి, బిగించి జడ వేసుకుని వెళ్ళాను. బస్సులో గాలికి నుదుటి మీద, చెవుల పక్కన రింగులు లేచాయి. అవి ఎప్పుడూ లేస్తాయి. క్లాసు చెప్పించుకుని చూశారు. కరస్పాండెంటు సారు తలెత్తి అన్నాడు.

"క్లాసు బాగా చెప్పినావమ్మా. సోమవారం ఇంకొక్కసారి రా, పెద్దసారు చూస్తాడు. ఈసారి మాత్రం కొంచెం తల దువ్వుకుని రా."

ఒళ్ళు మండిపోయింది. నీ బట్టతలకేం తెలుసయ్యా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "సరే సార్" అన్నాను. ఆ 'సరే'కు ఈరోజుకీ సిగ్గుపడతాను.

మరుసటి రోజే, శుక్రవారం, దాచుకున్న ట్యూషన్ దుడ్లన్నీ తీసుకుని కళ్యాణదుర్గంలో కొత్తగా పెట్టిన బ్యూటీపార్లరుకు వెళ్ళాను. అయిదు గంటలు కూర్చోబెట్టారు. కళ్ళలో నీళ్ళు తెప్పించే ఘాటు క్రీము, కడగడం, ఆరబెట్టడం, పాయపాయకూ వేడి ఇస్త్రీ. చివరకు అద్దంలో చూస్తే ఎవరో కూర్చుని ఉన్నారు. భుజాల మీద నుంచి తిన్నగా కిందికి జారే జుట్టు. నిజం చెప్పాలి కదా, ఆ అద్దం ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

పార్లరామె జాగ్రత్తలు చెప్పింది. "మూడు దినాలు చుక్క నీళ్ళు తగలకూడదు. జడ వేయకూడదు, క్లిప్పు పెట్టకూడదు, చెవి వెనక్కి కూడా తోసుకోకూడదు. ఎట్ల వంగితే అట్లే నిలిచిపోతాది. తడిస్తే అంతే, ఇదంతా దండగే."

"వానొస్తే?" అని అడిగాను.

ఆమె, పక్కన పనిచేసే అమ్మాయి, జుట్టు కత్తిరించుకుంటున్న ఆమె, ముగ్గురూ పగలబడి నవ్వారు.

"మన ఊర్లో వానా! ఈ మాట బెంగళూరులో అడుగుపో."

నేనూ నవ్వాను. ఆ ఏడు విత్తనం వేసినప్పటి నుంచి పీకేదాకా నాలుగు గట్టి వానలు పడలేదు మరి. ఎవరు నవ్వరు?

ఇంటికొస్తే అమ్మ చేత్తో నిమిరి నిమిరి మురిసిపోయింది. "పట్టుకుచ్చు మాదిరి ఉండాది!" నాయన కావాలని అటూ ఇటూ చూసి, "ఎవురమ్మా నువ్వు? మా పాప యాడికి పోయింది?" అన్నాడు. అవ్వ దగ్గరికొచ్చి ఒక పాయ తీసుకుని బొటనవేలితో కొస దాకా జార్చింది. ఎక్కడా వేలు తగులుకోలేదు.

"బాగుండాదిలే," అంది.

నా తలకని చెంబులో గంజి ఎత్తిపెట్టి ఉంచింది. దాన్ని తీసుకెళ్ళి బర్రె కుడితిలో పోసి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటప్పుడు తూర్పున నల్లగా కమ్ముకుంది. ముందు దుమ్ము, వెంటనే చల్లగాలి. పీకిన వేరుశనగ, కాయతో సహా, ఇంటి ఎదురుగా కళ్ళంలో కుప్ప వేసి ఉంది. ఆ కాయ మాకు, కాయ దూశాక మిగిలే కట్టె బర్రెకు మేత, ఏడాదికంతా అదే. అసలు పండిందే సగం.

"పట్ట ఎత్తుకురాండే!" అని నాయన కేక.

టార్పాలిన్ పట్టకు నాలుగు కొసలు. నాయన ఒకటి, అమ్మ ఒకటి, అవ్వ ఒకటి పట్టుకున్నారు. నాలుగోది గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఇంట్లో నాలుగో మనిషిని నేనే. పరుగెత్తుకుంటూ గడప దాకా వచ్చి ఆగాను. మొదటి చినుకులు అప్పుడే వాకిట్లో పడుతున్నాయి, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళంత.

అవ్వ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నువ్వు రావాకు! మూడు దినాలంటివి కదా! ఆడే ఉండు!"

ఉన్నాను. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని గడపలో నిలబడ్డాను. అనగానే మనసు కుదుటపడింది.

వాన విరుచుకుపడింది. నాయన మూడు కొసల మీద రాళ్ళు పెట్టాడు. నాలుగో కొస మీద పెట్టిన రాయిని గాలి దొర్లించేసింది, పట్ట లేచింది, కుప్ప ఒక పక్కంతా బయటపడింది. అప్పుడు అవ్వ వచ్చి ఆ కొసను లాగి, దాని మీద కూర్చుంది. అంతే. బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో పట్టను నేలకు అదిమి కూర్చుంది. "లేయ్‌మా, నేను పట్టుకుంటా," అని నాయన అరుస్తుంటే, "నువ్వు ఆ పక్క చూడు పో," అని కసిరింది.

ముప్పావుగంట కురిసింది. ఆమె కొప్పు ఊడిపోయింది. తెల్లజుట్టు తడిసి, ఉంగరాలు చుట్టుకుని మొహం మీద పడుతోంది, తోసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేను గడప లోపల నిలబడి, చూరు నుంచి తుంపర పడకుండా నా జుట్టుకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఆమెను చూస్తున్నాను.

వాన వెలిశాక లోపలికి వచ్చి పాత గుడ్డతో తల ఒత్తుకుంటూ అవ్వ నన్నే అడిగింది.

"తడిసినావా?"

"లేదవ్వా."

"మంచిది."

ఆ ఒక్క పక్క కాయ మొలకలు వచ్చింది, కట్టె నల్లబడింది. నాయన వానను తిట్టాడు. "రమ్మంటే రాదు, వద్దంటే వస్తాది, సిగ్గులేని ముండ." నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కమాట తిట్టినా నాకు బాగుండేది. అవ్వ పదిరోజులు దగ్గింది.

సోమవారం వెళ్ళాను. పెద్దసారు పాఠం కూడా అడగలేదు. కరస్పాండెంటు సారు నన్ను చూసి, "ఇప్పుడు టీచరమ్మ మాదిరి ఉండావు," అన్నాడు. ఉద్యోగం ఇచ్చారు. పోయినసారి వెళ్ళిందీ నేనే, పాఠం బాగా చెప్పిందీ నేనే. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. గాలికి ఒక్క వెంట్రుక లేవలేదు. అమ్మకు ఫోను చేస్తే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సంతోషానికి అనుకుంది.

ఆ తర్వాత ఆదివారాలు మారిపోయాయి. నా తలలో చిక్కు లేదు, అవ్వకు నాతో పని లేదు. నేను సెలవు పూట అద్దం ముందు రెండు నిమిషాల్లో దువ్వుకునేదాన్ని. ఆమె మెట్టు మీద ఒక్కతే కూర్చుని చాటలో కాయలు ఒలుచుకునేది. మొలకెత్తినవి ఏరి పక్కన పెట్టేది. ఆ పక్కగా పోకుండా నేను పెరటి దోవన తిరిగేదాన్ని. క్షమించు అవ్వా అనడానికి మా ఇళ్ళలో మాటలు ఉండవు. అడిగితే జరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తారు.

ఆరు నెలలకు కుదుళ్ళ దగ్గర రెండు వేళ్ళ పొడుగున రింగులు మొలిచాయి. పైన వంకర, కింద తిన్నన, చూడ్డానికి మహా అసహ్యం. పార్లరామె ఫోను చేసింది. "టచప్‌కు రాకపోతే ఎట్లమ్మా?" సోమవారం సాయంత్రం వస్తానని చెప్పేశాను.

ఆ ముందు ఆదివారం ఎందుకో తెలియదు, వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాను. "తలనొప్పిగా ఉండాది, ఇంత ఆముదం పెట్టు అవ్వా," అన్నాను. తలనొప్పి అబద్ధం.

ఆమె చాట పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. అరచేతిలో ఆముదం పోసుకుని నా జుట్టులో వేళ్ళు దూర్చింది. కుదుళ్ళ దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి. అక్కడే తడిమింది, మళ్ళీ తడిమింది.

"వస్తివా తల్లీ?" అంది.

నాతో కాదు. ఊరెళ్ళి తిరిగొచ్చిన బిడ్డను వాకిట్లో పలకరించినట్టు, ఆ రింగును పలకరించింది.

"అవ్వా, ఆ పొద్దు వానలో నేను రాకపోతి."

"నేనే కదే వద్దన్నది."

అవును, ఆమే అంది. ఆరు నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ ఇదే. హమ్మయ్య అనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. ఆమె ఒక పాయ విడదీసింది, ఇంకొకటి విడదీసింది. తర్వాత మామూలుగా, కోపం ఏ కోశానా లేకుండా అంది.

"వద్దంటి. అయినా వస్తావనుకుంటి."

నేను వెనక్కి తిరగబోయాను.

"కదలాకు," అంది అవ్వ. "తెగుతాది."