ఆఖరి రీలు బెల్లు

గవర్నర్‌పేటలో ఒక సినిమా హాల్లో శౌరమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా లేడీస్ గేటు కాసింది. గేటు కాయడమంటే మాటలా! చంకలో పిల్లాడితో, చేతిలో టిఫిను క్యారియరుతో, నోట్లో తగువుతో వచ్చే ఆడవాళ్ళని వరసలో నిలబెట్టాలి. మొహమాటపడితే హాలు సంతైపోతుంది. శౌరమ్మకి ఆ జబ్బు లేదు. ఉంటే, మైలవరం నుంచి సొంత చెల్లెలు తెరేసమ్మ పిల్లల్నేసుకుని వచ్చినప్పుడు, అంతమంది ముందు "టికెట్టేదే?" అని అడిగేదా? లేదనేసరికి గేటు వేసేసింది. "నాకు అక్క లేదనుకుంటాలే" అని తెరేసమ్మ అట్నించటే బస్సెక్కింది. ఆ తర్వాత గడప తొక్కలేదు. ఈవిడా వెళ్ళి పిలవలేదు. పట్టుదలకి ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే మరి.

ఆ హాల్లోనే పైన క్యాబిన్లో మరియదాసు ఆపరేటరు. ఆఖరి రీలు ఎక్కించగానే కింద ఒక్కో గేటు దగ్గరా వినపడేలా అతను ఒక్కో బెల్లు కొట్టేవాడు. అది విని గేటువాళ్ళు గొళ్ళాలు తీసి, తోపులాట లేకుండా జనాన్ని పంపడానికి సిద్ధంగా నిలబడేవాళ్ళు. లేడీస్ గేటుకి మాత్రం రెండుసార్లు కొట్టేవాడు మహానుభావుడు. ఎందుకని అడగడానికి ఒకరోజు శౌరమ్మ మెట్లెక్కి వెళ్ళింది. అట్లా పెళ్ళయింది.

జబ్బు సినిమాలంటే అప్పట్లో ఆడవాళ్ళు విరగబడేవాళ్ళు. హీరోయిన్‌కి క్యాన్సరొచ్చిందంటే మ్యాట్నీ ఫుల్లే. తలుపు కర్టెను పక్కన నిలబడి శౌరమ్మ అన్నీ చూసింది. డాక్టరు కళ్ళజోడు తీశాడంటే ఆశ లేదని, మొగుడు ఉన్నట్టుండి పూలు తెచ్చాడంటే రిపోర్టు వచ్చిందని ఆమెకి కంఠతా వచ్చు.

హాలు మూతపడింది. ఇద్దరూ వన్ టౌన్లో కొండమీద ఇంట్లో కాలక్షేపం చేస్తున్నారు. ఈ వేసవిలో ఆమెకి కడుపునొప్పి మొదలై తగ్గలేదు. స్కానింగు తీశారు. ఆమెని బయట కూర్చోబెట్టి డాక్టరు మరియదాసునొక్కణ్ణే లోపలికి పిలిచాడు. అతను బయటికొచ్చి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, నవ్వుమొహం పెట్టుకుని, "గ్యాసంట శౌరీ" అన్నాడు.

ఓరి పిచ్చిమారాజా! ఆ నవ్వు ఆమె ఎన్ని ఆటల్లో చూసిందనీ! శౌరమ్మకి సంగతి తెలిసిపోయింది. అయినా సరేనని ఆటో ఎక్కింది.

మర్నాటి నుంచి మల్లెపూలు, ద్రాక్షపళ్ళు. ఉప్పెక్కువైన పప్పుచారు తిని అమృతమన్నాడు. పెళ్ళైన నాటి నుంచీ వంటకి వంక పెట్టకుండా చెయ్యి కడగని మనిషి! ఆమెకి అసలు భయం అప్పుడేసింది. "ఏవయ్యా, ఏవన్నా దాస్తున్నావా?" అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, పాలప్యాకెట్టు వంకతో వీధిలోకి పోయాడు.

చావంటే బెంగ లేకపోలేదు. కానీ ఇంట్లో ఉన్నదే ఇద్దరు, ఇద్దరికీ తెలుసు, ఒకరికొకరు చెప్పుకోరు. అది ఆమెని నొప్పికంటే ఎక్కువ తినేసింది. పోయేలోగా తెరేసుని ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఏమని పిలుస్తుంది? గ్యాసొచ్చింది రమ్మనా? తనంతట తనే నిజం బయటపెడితే ఈయన కుప్పకూలిపోతాడేమోనని ఇంకో భయం.

ఒక మధ్యాహ్నం టీవీలో పాత జబ్బు సినిమా వేశారు. మరియదాసు గబుక్కున రిమోట్ అందుకున్నాడు.

"ఉంచవయ్యా, మన హాల్లో ఆడిందేగా" అంది.

హీరో భార్య తల నిమిరి, నీకేం కాలేదు, మామూలు తలనొప్పే అంటున్నాడు.

"వీడికి బుద్ధుందా?" అంది శౌరమ్మ.

"పాపం, భయపడుతుందని..."

"భయపడితే పడుద్ది. దాని పనులు దానికుండవా?" అతనివైపు తిరిగి అడిగింది. "ఏవయ్యా, ఆఖరి రీలు బెల్లు నువ్వెప్పుడన్నా మర్చిపోయావా?"

"నేనా! ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఉన్నా కొట్టాను."

"మరి ఇప్పుడెందుకు కొట్టవు? తలుపులు నేను తీసుకోవద్దూ?"

మరియదాసు రిమోట్ పక్కన పడేశాడు. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆమె ఒళ్ళో తల పెట్టి పసిపిల్లాడల్లే ఏడ్చాడు.

"ఆఖరి రీలే శౌరీ. క్రిస్మస్ చూస్తే గొప్పేనన్నాడు డాక్టరు."

ఆమె కూడా ఏడ్చింది. ఏడవదా మరి! మనిషే కదా. తర్వాత పమిటతో తన మొహమూ అతని మొహమూ తుడిచి, "తెరేసుకి ఫోన్ చెయ్యి. గ్యాసని చెప్పావో, చూడు! ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

మర్నాడు పొద్దున్నే తెరేసమ్మ మైలవరం బస్సు దిగి, కొండ మెట్లెక్కి, ఆయాసపడుతూ గుమ్మం ముందు ఆగిపోయింది. జుట్టంతా నెరిసిపోయింది. లోపలికి రాలేక, వెనక్కి పోలేక, సంచీ గుండెకి హత్తుకుని నిలబడింది.

శౌరమ్మ గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వచ్చింది.

"టికెట్టేదే?" అంది.

తెరేసమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి. "లేదక్కా" అంది.

"లేకపోతే పోయిందిలే, రా" అని శౌరమ్మ తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది.