దానియేలు బల్లకొచ్చిన ఆదివారం

1956. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళి రెండేళ్ళయింది. ఫరంపేటలో మా చర్చి సంఘంవాళ్ళు నడిపే ఆశ్రమంలో నేను నర్సుని. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు తాటాకు పాకలు, ఒక పెంకుటిల్లు, పక్కన వంటచావిడి, అంతే. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళనీ, తాగి రోడ్డున పడ్డవాళ్ళనీ తెచ్చి తిండిపెట్టి, మందిచ్చి, ఏదో ఒక పనిలో పెట్టి పంపేవాళ్ళం. చుట్టూ ఆంధ్రాలో మద్యనిషేధం. మా ఊళ్ళో మాత్రం సీసాలు బాహాటంగా అమ్మేవారు. ఏరు దాటొచ్చి తాగి ఇక్కడే పడిపోయేవాళ్ళతో మాకు చేతినిండా పనే.

దానియేలు మాత్రం మా ఊరి మనిషే. వలకెళ్ళేవాడు. తాగుడికి పడవ పోయింది, ఇల్లు పోయింది. భార్య సువార్తమ్మ కూతుర్ని తీసుకుని మెట్టకూరులో అన్నగారింటికి చేరింది. రేవు మెట్లమీద పడున్నవాణ్ని మా పాస్టరయ్యగారే బండిలో వేయించి తెచ్చారు.

తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి డెలీరియం వస్తుంది. అంటే ఒళ్ళంతా వణుకు, చెమటలు, లేనివి కనపడటం. ప్రాణం మీదికొచ్చే జబ్బది. "గోడెక్కుతున్నాయండి పీతలు, తీసెయ్యండి నర్సమ్మా" అని దానియేలు చంటిపిల్లాడిలా ఏడ్చేవాడు. చూడ్డానికొచ్చిన ఒకావిడ దెయ్యం పట్టిందంది. "దెయ్యమూ లేదు, నీ మొహమూ లేదు, ఆ నీళ్ళిటివ్వు" అన్నాను. పెరాల్డిహైడ్ అని కంపుకొట్టే నిద్రమందు ఉండేది. అది పట్టి, గంజి తాగించి, ఎలాగోలా గట్టెక్కించాం. నెలలు గడిచేసరికి పాక అరుగుమీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసే మనిషయ్యాడు. సంఘం స్థలంలో వాడికో చిన్న పాక వేసివ్వడానికి కూడా పెద్దలు ఒప్పుకున్నారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా సంఘంలో ఒక కట్టుబాటుండేది. తాగుబోతుని బల్లకి, అంటే ప్రభు భోజనానికి, దూరంపెడతారు. మారాడని నమ్మకం కుదిరాక ఒక ఆదివారం అందరి ముందూ మళ్ళీ కలుపుకుంటారు. అలా కలిసినవాడు రొట్టె తిని, అందరూ తాగే గిన్నెలోంచే ద్రాక్షారసం తాగాలి. వెనక్కి తగ్గితే ఏదో పాపం దాస్తున్నాడనే అర్థం. సువార్తమ్మ అన్నగారు మెట్టకూరులో బడిపంతులు. "బావ బల్ల తీసుకున్ననాడు చెల్లెల్నీ పిల్లనీ పంపిస్తాను" అని కబురుపెట్టాడు.

మా గిన్నెలో పోసేది అసలు సిసలు వైను. ఫ్రెంచివాళ్ళ కాలంనుంచీ వస్తున్న అలవాటు. మానినవాడు మళ్ళీ మొదలెట్టడాన్ని మేం రిలాప్స్ అంటాం. దానికి సీసా అక్కర్లేదు, గుక్క చాలు. పరుగెత్తుకెళ్ళి అయ్యగారితో చెప్పాను.

"ప్రభువు రక్తం మనిషికి చెరుపు చేస్తుందా కరుణమ్మా?" అన్నారాయన.

"చెయ్యదండి. కానీ వాడి నాలిక్కి అది తెలీదు కదండీ! ఎండుద్రాక్ష నానేసిన నీళ్ళు పెడితే ఏం పోయింది?"

"ఒక్కడికోసం గిన్నె మారిస్తే పెద్దలు ఊరుకోరమ్మా. ప్రార్థన చేద్దాం."

"చేద్దామండి. చేస్తూ చేస్తూ ద్రాక్ష కూడా నానేద్దాం."

ఆయన నవ్వారు గానీ ఒప్పుకోలేదు. చివరికి దానియేలునే అడిగాను.

"భయంగా ఉందా?"

"ఆయ్. పీకలదాకా ఉందండి. మొన్న అయ్యగారు ఆ సీసా బీరువాలో పెడతంటే వాసనొచ్చిందండి. ఆ పూటంతా వలకన్ను ఒక్కటీ కుదర్లేదు."

"మరి నాకొద్దని చెప్పెయ్."

"చెబితే మా బావగారేమంటారండి? మళ్ళీ తాగేడు, అందుకే జంకుతున్నాడంటారు. నా పిల్ల నా పక్కన పడుకుని ఎన్నాళ్ళయిందో తెలుసాండి?"

తాగితే ఒక గొయ్యి, తాగకపోతే ఇంకో గొయ్యి.

ఆదివారం గుడి నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. పంతులుగారు గంజిపెట్టిన చొక్కాతో ముందు వరసలో కూర్చున్నారు. సువార్తమ్మ పిల్లతో నా పక్కనే ఉంది. దానియేలు మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు. అయ్యగారు గిన్నెతో వాడి ముందుకొచ్చేసరికి నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. దేవుడా, దేవుడా అనడం తప్ప ఇంకో ప్రార్థన రాలేదు.

వాడు అరచేత్తో నోరు మూసుకున్నాడు.

"నాకు రొట్టె చాలండి అయ్యగారూ. ఇది నోట్లో పడితే నేనాగలేనండి. ఈ గుమ్మం దిగి సరాసరి కొట్టుకే పోతానండి."

గుడంతా గుసగుసలు. "తాగే వచ్చుంటాడు" అంది నా వెనక ఎవరో. పంతులుగారు మొహం గంటుపెట్టుకుని లేచారు. "పద సువార్తా" అన్నారు. ఆవిడ లేచి పిల్ల చెయ్యి పట్టుకుంది. అయిపోయింది, ఈ సంసారం ఇంక అతకదు అనుకున్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆవిడ గుమ్మంవైపు వెళ్ళలేదు. బల్ల జరుగుతుండగా ఏ ఆడమనిషీ వెళ్ళని మగవాళ్ళవైపు నడిచింది. మొగుడి ముందు వంగి, నోటిమీద చెయ్యి లాగేసి, వాసన చూసింది. కాపురం చేసినన్నాళ్ళూ సాయంత్రం అయ్యేసరికి గుమ్మంలో అలాగే చూసేదట. పిల్లని పక్కింటికి పంపెయ్యాలో అక్కర్లేదో దాన్నిబట్టి తేల్చుకునేదట. ఆ సంగతి తర్వాత చెప్పింది నాకు.

"వాసన లేదన్నయ్యా."

"ఇవాళ లేదమ్మా. రేపో?"

"రేపటికి భయపడుతున్నానని ఆయనే అంటున్నాడుగా! ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఇదే వినడం. నువ్వెళ్ళన్నయ్యా. నేనూ పిల్లా ఉండిపోతాం."

అయ్యగారు గిన్నె తీసుకెళ్ళి బల్లమీద పెట్టేశారు. కీర్తన ఎత్తుకున్నారు. పెద్దలు సణుక్కున్నా, ఆ తర్వాతి బల్లనించి ఎండుద్రాక్ష నీళ్ళే.

దానియేలు పూర్తిగా బాగుపడ్డాడా అని అడుగుతారు. నాకు తెలిసినంతకాలం తాగలేదు. ఆ భయం మాత్రం వాడికీ పోలేదు, నాకూ పోలేదు. అంతకుముందు ఎవరైనా "చచ్చినా ముట్టనండి నర్సమ్మా" అంటే నేను పొంగిపోయి, మనిషి బాగయ్యాడని పంపించేసేదాన్ని. దానియేలు తర్వాత అలాంటి ధైర్యస్తుల్ని ఇంకో నెల ఉంచేసేదాన్ని. "భయమేస్తోందండి" అన్నవాడికి మాత్రం, మీవాళ్ళకి కబురుపెట్టుకోవయ్యా, ఇంటికెళ్ళొచ్చు అని చెప్పేదాన్ని.