మళ్లీ తెరిసి సూపించు

మా గురమ్మత్తకు కోపం వస్తే కోటబొమ్మాళి సంతలో పక్క బుట్టల వాళ్లు కూడా నోరు మూసుకుంటారు. భావనపాడు నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. అడగకముందే మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది. చూడకుండా కొనేవాళ్లనే తిడుతుంది. అలాంటి మనిషిని ఒక పచ్చ టిక్కు మోసం చేసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అత్త కూతురు ఈశ్వరికి తొలి కాన్పు. బిడ్డ మాయ గర్భసంచిలో కిందికి ఉంది, ఆపరేషన్ తప్పదు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు అన్నారు. ఆమె రక్తం ఓ నెగెటివ్. సర్కారు కంప్యూటర్లో మాత్రం ఏ మహానుభావుడో బి పాజిటివ్ అని కొట్టి పెట్టాడు. ఈశ్వరిని చీపురుపల్లి దగ్గరి అత్తారింటి నుంచి పురిటికి తెచ్చుకోగానే, అత్త మా ఊరి ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ చూసే ధనరాజ్ దగ్గరికి వెళ్లింది. అతను మార్చాడు. పచ్చ టిక్కు వచ్చింది. "అయిపోనాది పిన్నీ," అన్నాడు. ఆవిడ దండం పెట్టి వచ్చేసింది.

నెలలు నిండాక పెద్దాసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. బి పాజిటివ్ రక్తం సిద్ధంగా ఉంది, ఎల్లుండి రమ్మన్నారు! ఆపరేషన్‌కు ముందు పరీక్షలో ఎలాగూ తేలుతుంది, నిజమే. తేలాక నెగెటివ్ రక్తం ఎక్కడని వెతుకుతాం?

అత్త చేపల బుట్టతోనే కేంద్రానికి నడిచింది. వెనకాల నేను.

"ఏటిరా ధనరాజూ, మార్సీసేనన్నావు?"

"మార్సేను పిన్నీ. ఇదిగో, మళ్లీ నొక్కుతన్నాను సూడు." నొక్కాడు. పచ్చ టిక్కు.

"ఆ టిక్కు నాకెందుకురా! నా కూతురి పేరు తెరిసి సూపించు."

తెరిచాడు. బి పాజిటివ్.

"సర్వర్ స్లో పిన్నీ. మెల్లిగా వస్తాది."

"మెల్లిగానా? నా కూతురి రత్తం మెల్లిగా పోతాదేటిరా?" బుట్ట దించి కుర్చీలో కూర్చుంది. గదంతా నీచు వాసన.

నర్సు ఉష వచ్చి చూసి తల పట్టుకుంది. "ఈశ్వరి వివరాలు అత్తారి ఊరి కేంద్రంలో ఉన్నాయి ధనరాజ్. ఇక్కడి నుంచి చూడగలం గానీ మార్చలేం. నువ్వు నొక్కినా మారింది సున్నా. లోపం ఉందని ఏమీ రాలేదు కాబట్టి అది టిక్కు పెట్టేస్తుంది."

ఏమీ చేయకుండానే చేశానని చెప్పే యంత్రం! దాన్ని తయారుచేసినవాడు ఎదురుగా ఉంటే అత్త బుట్టతోనే కొట్టేది. నేను అడ్డుపడేదాన్ని కాదు.

ఉష ఆ ఊరి కేంద్రానికి ఫోన్ చేసింది. మార్చేశామన్నారు. అత్త కదల్లేదు.

"మళ్లీ తెరిసి సూపించు."

ధనరాజ్ తెరిచి పైకి చదివాడు. "ఈశ్వరి, ఓ నెగెటివ్." పెద్దాసుపత్రి వాళ్ల చేత కూడా ఫోన్లో చదివించి, నెగెటివ్ తెప్పిస్తామని మాట తీసుకున్నాకే అత్త బుట్ట ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఒరే, పురిటికొచ్చిన ఆడపిల్లలందరి పేర్లూ అత్తోరి ఊళ్లలోనే ఉంటాయి గదా. ఆళ్లనీ ఇలాగే టిక్కు సూసి పంపీసేవేటి?"

ధనరాజ్ మౌస్ వదిలేశాడు. "సానామందిని, పిన్నీ."

అత్త వెనక్కి వచ్చి బుట్ట దించింది.

"సేపలు కుళ్లిపోతే పోనీ. ఒక్కొక్కరి పేరూ తెరువు. నాను ఇక్కడే కూకుంటాను."