వయసుకు సరిపోయిన బండి

మా బాపు గల్ఫ్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. అక్కడ పిల్లలు మట్టి దిబ్బల మీద బైకులు ఎగిరించే రేసు మైదానం ఒకటుంది. దుమ్ము లేవకుండా దానికి నీళ్లు కొట్టడం ఆయన పని. ఇక్కడ జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో నేనేమో సైకిల్ మీద పసుపు చేల గట్లు దూకించి ముందు పళ్లు రాలగొట్టుకున్నాను. అమ్మ ఆ సంగతి ఫోన్లో తిట్టుకుంటూ చెబితే ఆయన తెగ మురిసిపోయాడు.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వీడియో కాల్లో నాకు ఆ ఆట నియమాలు పాఠం చెప్పేవాడు. చిన్న బండ్ల క్లాసుకు పన్నెండేళ్ల లోపు పిల్లలే. అది దాటితే ఇంజనూ పెద్దది, చక్రాలూ పెద్దవి.

"ఏడాది మొదటి దినం నాడు ఎన్నేండ్లున్నయో గదే లెక్క, బిడ్డా. నడుమల పన్నెండు నిండినా ఏం గాదు. నీకు గీ ఏడంత ఉన్నది," అనేవాడు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అని అమ్మ వెనకనుంచి దెప్పేది. బండే లేదు, క్లాసు గొడవ ఎందుకని ఆమె బాధ.

కానీ ఆ ఏడు సెలవు మీద వచ్చేటప్పుడు ఆయన హైదరాబాద్‌లో ఒక పాత రేసు బండి కొని, జగిత్యాల దాకా లారీలో, అక్కడినుంచి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. ఎర్రటి చిన్న బండి. సెలవు అయిపోయేలోగా హైదరాబాద్ అవతల పిల్లల పోటీ ఉంది. నన్ను అందులో చూసి వెళ్లాలని ఆయన ఆశ.

వాకిట్లో నన్ను చూసి ఆయన ఒక్క క్షణం ఆగిపోయాడు. నాది అమ్మ వైపు పోలిక. సిరిసిల్లలో మా మేనమామలంతా తాటిచెట్లే. బండెక్కితే నా మోకాళ్లు హ్యాండిల్‌ను తాకాయి.

"మంచిగున్నదా?" అన్నాడు.

"మస్తుగున్నది బాపూ," అన్నాను. ఆ ముఖం చూసి ఇంకేం అనగలను? కోసేసిన చేలో మోకాళ్లు బయటికి చాపి వారం రోజులు తోలాను. తొడలు కమిలిపోతే అమ్మకు కూడా చూపించలేదు.

పోటీ రోజున బండ్లు తనిఖీ చేసే పెద్దాయన ఆధార్ కార్డు చూసి తల ఊపాడు. తర్వాత నన్ను బండెక్కించి హ్యాండిల్ పూర్తిగా తిప్పమన్నాడు. అది నా మోకాలికి తగిలి ఆగిపోయింది.

"వయసు సరిపోయింది. బండే సరిపోలేదు. మలుపులో పడిపోతుంది. పై క్లాసు బండి తెచ్చుకోండి," అన్నాడు నెమ్మదిగా.

"మొదటి దినం లెక్కనే గద సార్? పదకొండే గద సార్?" అని బాపు మళ్లీ మళ్లీ అడిగాడు. ఆయన లెక్క తప్పు కాదు. నాకు ఏడుపు ఆగలేదు. పై క్లాసు బండి తేవడానికి సెలవు మిగల్లేదు.

తిరుగు దారిలో చాయ్ కోసం ఆగినప్పుడు బాపు గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "ఫోన్ల మొకమే కనవడ్తది బిడ్డా. కాళ్లు కనవడయి. నీ వయసు యాదికున్నది గని, ఎత్తు తెల్వలే."

నాలుగు రోజులకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను కోరుట్లలో డిగ్రీ చదువుతున్నాను. బండి వసారాలోనే ఉంది. అమ్మ దానిమీద తువ్వాళ్లు ఆరేస్తుంది, అమ్మనివ్వదు. శుక్రవారం ఫోన్ వస్తే బాపు మొదటి మాట ఒకటే: "ఫోను జర దూరం పెట్టు బిడ్డా, కాళ్లదాక కనవడాలె."

నేను పెరగడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఫోన్‌ను కిటికీలో ఆనించి, వెనక్కి వెళ్లి, పాదాల దాకా కనిపించేలా గోడ పక్కన నిలబడతాను.