కరెంటు వచ్చిన ఆ గంట

జనగామ రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో, ఫోటోలకు ఫ్రేములు కట్టే గఫార్ దుకాణం పైన ఒక చిన్న గది ఉండేది. అదే తుల్సీరాం స్టూడియో. పెద్దవంగర దగ్గరి తండాలో పుట్టి, మహబూబాబాద్ హాస్టల్లో చదివి, కెమెరా పట్టుకుని జనగామలో స్థిరపడ్డవాడు తుల్సీరాం. పెళ్లి వీడియోలు తీయడంలో అతనికి మంచి పేరు. అప్పగింతల వేళ పెళ్లికూతురి తండ్రి ఏ మూలకు పోయి కళ్లు తుడుచుకుంటాడో ముందే పసిగట్టి కెమెరా అటు తిప్పేవాడు. వీడియో చూసినవాళ్లు "మనసెరిగిన మనిషి" అని మెచ్చుకునేవాళ్లు.

ఆ మనిషి మనసులో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. కట్టుకున్న విజయకూ తెలియదు.

అది హాస్టల్ రోజుల్లో అంటుకుంది. ఇంట్లో తండా భాష, బడిలో తెలుగు. అతను నోరు తెరిస్తే చాలు, పిల్లలు వెక్కిరించేవాళ్లు. ఒక ఆదివారం పై తరగతి పిల్లవాడొకడు టార్పాలిన్ కప్పిన వీడియో సెంటర్‌కు తీసుకుపోయాడు. తెర మీద బూతు సినిమా వేస్తారని తెలియకుండానే వెళ్లి కూర్చున్నాడు. బయటికి వచ్చేసరికి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అయినా మరుసటి ఆదివారం తానే ముందు తయారయ్యాడు. ఆ చీకట్లో తనను చూసి నవ్వేవాళ్లు లేరు. అది చాలు అనిపించింది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడానికి కొన్న కంప్యూటర్‌కు ఇంటర్నెట్ వచ్చింది. ఒకప్పుడు ఆదివారానికి పరిమితమైనది ఇప్పుడు రోజులో ఏ వేళకైనా వచ్చి కూర్చునేది. పెళ్లివాళ్లు ఎవరన్నా పని బాగా లేదని విసుక్కుంటే చాలు, తలుపు గడియ పెట్టుకునేవాడు. సీడీలన్నీ రాయి కింద పెట్టి పగలగొట్టి మోరీలో పారేసిన రోజులున్నాయి. మేడారం జాతరకు పోయి, సమ్మక్క గద్దె ముందు నిలబడి, ఇక చూడనని మొక్కుకున్నాడు. కొన్ని వారాలు నిలబడ్డాడు కూడా. మళ్లీ మామూలే. ఆ తర్వాత అమ్మవారికి కూడా మాట తప్పానన్న బాధ ఒకటి తోడైంది. ఆ బాధ మరిచిపోవడానికి మళ్లీ అదే చూసేవాడు.

ఇంట్లో విజయ ఎదురుగా కూర్చుంటే ఆమె కళ్లలోకి చూడలేకపోయేవాడు. ఆమె ఏదైనా చెబుతుంటే ఊకొట్టేవాడు గాని ఒక్క మాటా చెవికెక్కేది కాదు. దగ్గరికొస్తే అలసిపోయానని అటు తిరిగేవాడు. "ఎవరన్న ఉన్నరా ఏంది నీకు?" అని ఒకసారి ఆమె అడిగేసింది. "పని చేసుకునేటోన్ని పట్టుకుని ఏం మాటలివి?" అని గదిమాడు. ఆమె మళ్లీ అడగలేదు.

తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టిన ఏడు అది. బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. బడులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లి వైపు గనుల్లో కార్మికులు దిగడం మానేశారు. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని పరిస్థితి. పెళ్లిళ్లూ లేవు. పని లేక, చీకటి గదిలో కంప్యూటర్ నడవక తుల్సీరాంకు పిచ్చెక్కినట్టుండేది. బిడ్డ పక్కన వచ్చి కూర్చుంటే చిరాకు, విజయ గిన్నె చప్పుడు చేస్తే కోపం. సమ్మె వల్ల అందరూ పరేషాన్‌లో ఉన్నారు కాబట్టి అతని పరేషాన్ వేరని ఎవరూ గమనించలేదు.

అలాంటప్పుడు ఉద్యమ జేఏసీలో తిరిగే బిక్షపతి సారు స్టూడియో మెట్లెక్కి వచ్చాడు.

"తుల్సీ, రేపు హైవే మీద వంటావార్పు. ఆడోళ్లు శానమంది వస్తున్నరు. నువ్వు వీడియో తియ్యాలె. రేపటి పిల్లలకు చూపియ్యాలె గదా ఇదంత."

తుల్సీరాం సంతోషంగా ఒప్పుకున్నాడు. తనకు చేతనైన పని, పైగా అందరి పని. తండా నుంచి తల్లి మోతీబాయి కూడా ట్రాక్టర్ మీద వస్తున్నట్టు ఫోన్ వచ్చింది.

మరునాడు పొద్దున కెమెరా బ్యాటరీ చూస్తే అడుగంటి ఉంది. కరెంటు లేదు. ఎదురుచూడగా చూడగా పదకొండింటికి గదిలో ఫ్యాన్ కదిలింది. ఛార్జర్ తీసుకుని గోడ దగ్గరికి పోయాడు. ఆ గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. అందులో కంప్యూటర్ వైరు ఉంది. దాన్ని పీకడానికి చేయి చాపాడు. చాపిన చేయి అక్కడే ఆగింది. రోజుల తరబడి ఎండిపోయిన నాలుక లాంటి మనసు. ఐదు నిమిషాలు, ఐదే నిమిషాలు చూసి తీసేద్దామనుకున్నాడు.

ఫ్యాన్ ఆగి, తెర నల్లబడిన తర్వాతగాని అతనికి ఒంటి మీద స్పృహ రాలేదు. గంట గడిచిపోయింది. ఛార్జర్ చేతి పక్కనే, బల్ల మీద, పెట్టింది పెట్టినట్టే ఉంది.

హైవే మీద ఎక్కడ చూసినా జనం. మూడు రాళ్ల పొయ్యిల మీద గుండిగలు ఉడుకుతున్నాయి. లారీలు కనుచూపు మేర నిలిచిపోయాయి. తుల్సీరాం పొయ్యిలనూ పాటలు పాడేవాళ్లనూ కాసేపు తీశాడు. బ్యాటరీ గుర్తు ఎర్రబడి మిణుకుమిణుకుమంది. ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే తండా ట్రాక్టర్లు వచ్చాయి. అద్దాల రవికెలు, మోచేతుల పైదాకా గాజులు వేసుకున్న ఆడవాళ్లు దిగారు. వాళ్ల నడుమ మోతీబాయి. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె నలుగురిలో ఆడింది లేదు. తీజ్ పండగలోనూ గడప మీదే కూర్చుని చూసేది. ఈరోజు తానే చెంగు నడుముకు దోపి, పక్కదాని చెయ్యి పట్టుకుని రోడ్డు నడిమధ్య వలయంలోకి దిగింది. వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే రవిక అద్దాలు ఎండలో తళతళమన్నాయి. చుట్టూ జనం ఈలలు వేశారు. తిరిగి తిరిగి ఆమె చూపు కొడుకు మీదికే వస్తోంది.

కొడుకు కెమెరాను కంటికి ఆనించి నిలబడ్డాడు. లోపల అంతా నలుపు. తీస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

ఆట అయ్యాక ఆమె రొప్పుతూ వచ్చింది. "తీసినవా కొడుకా?" అంది తండా భాషలో.

"తీసిన యాడీ."

"మీ బాపు ఉంటే చూసి నవ్వేటోడు. నా మనుమరాలికి చూపియ్యి. వాళ్ల నాయనమ్మ ఎట్ల ఆడిందో చూడనియ్యి." ఆమె అతని చెంప నిమిరి, అన్నం ముద్ద నోట్లో పెట్టింది.

సాయంత్రం గఫార్ దుకాణం ముందు బల్ల మీద కూలబడ్డాడు. గఫార్ అద్దం కోస్తున్నవాడు కోత ఆపి చూశాడు.

"కెమెరా బంద్ పడ్డది గదా తుల్సీ? దాని ఎర్ర లైటు రాలె. హైవే మీద నేను గూడ ఉన్న, చూసిన."

తుల్సీరాం తలూపాడు.

"కరెంటు వచ్చింది గదా గంట సేపు. ఛార్జింగ్ పెట్టలేదా?"

అబద్ధాలు చాలానే ఉన్నాయి చేతిలో. ప్లగ్గు పాడైందనొచ్చు, బ్యాటరీ పాతదనొచ్చు. కాని తల్లి పెట్టిన ముద్ద ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది. తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. హాస్టల్ నుంచి మొదలుపెట్టి ఆ పొద్దటి దాకా. చెబుతున్నంతసేపూ గఫార్ లేచి పోతాడనే అనుకున్నాడు. గఫార్ లేవలేదు. నవ్వలేదు కూడా.

"మా తమ్ముడు మాజిద్ తాగుడు ఎట్ల మానిండో తెల్సా నీకు?" అన్నాడు చివరికి. "మేమంత తిట్టినం, కొట్టినం, కట్టేసినం. మానలే. వరంగల్‌ల ఒక డాక్టర్ సాబ్ ఉన్నడు, మనసుకు మందిచ్చే డాక్టర్. ఆయన తాన కూసున్నంక మానిండు. రేపు పోదాం. బస్సులు లేకుంటే ఏమాయె, నా బండి లేదా?"

"తాగుడంటే రోగమంటరు భాయ్. నాది రోగమంటరా? బూతు అంటరు."

"అనేటోళ్లను అననియ్యి. నువ్వు మానాలనుకుంటున్నవా లేదా, గది చెప్పు."

మరునాడు దవాఖానకు పోతే ఓపీ బంద్. డాక్టర్లు కూడా సమ్మెలో ఉండి గేటు పక్కన టెంట్ కింద కూర్చున్నారు. ఇద్దరూ వెనక్కి మళ్లబోతుంటే గఫార్‌ను ఆ డాక్టర్ గుర్తుపట్టి పిలిచాడు. నెరిసిన జుట్టు, మెడలో గులాబీ కండువా. సంగతి చూచాయగా విని, తుల్సీరాంను టెంట్ వెనకాల చెట్టు నీడకు తీసుకుపోయి, రెండు కుర్చీలు వేయించాడు.

"ఓపీ బంద్ గాని మాట బంద్ కాదు, చెప్పు," అన్నాడు.

అంతా విన్నాక ఆయన ఒకటే అడిగాడు. "చూడాలని ఎప్పుడు అనిపిస్తది? జర ఆలోచించి చెప్పు."

తుల్సీరాం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఎవలన్న చిన్నగ చేసి మాట్లాడితే సార్. పని లేకుంటే. ఒక్కన్నే ఉంటే."

"మరి నీకు కావాల్సింది ఆ బొమ్మలు కాదు. ఆ బాధ నుంచి తప్పించుకునే దారి. చిన్నప్పుడు ఆ ఒక్క దారి దొరికింది, అదే తొక్కుతున్నవు. వేరే దారి చేసుకోవాలె. కోరిక వస్తది, పొంగుతది, కాసేపైతే దానంతటదే తగ్గుతది. అది తగ్గే దాక ఒక్కనివి ఉండకు. లేచి మనుషుల్లకు పో. మళ్ల జారినా అంతా పాడైపాయె అనుకోకు. లేచి నాకు ఫోన్ చెయ్యి. ఇంకొకటి, ఇంట్లె చెప్పు."

ఇంట్లో చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. విజయ బియ్యం చెరుగుతోంది. అతను ఎదురుగా పీట వేసుకుని చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు.

"గిన్నేండ్లు," అంది ఆమె, "నాలనే ఏదో తక్కువున్నదనుకున్న. అద్దంల చూసుకుని ఏడ్చిన. నువ్వు ఒక్కనాడు చెప్తే అయిపోయేది గదా!"

అప్పుడు ఏడ్చింది. కొన్నాళ్లు అతనితో మాట్లాడలేదు. బిడ్డను తీసుకుని పుట్టింటికి పోతుందేమోనని భయపడ్డాడు. ఆమె పోలేదు గాని, అంత తొందరగా క్షమించనూ లేదు. ఒకరోజు తానే స్టూడియోకు వచ్చి, గదంతా కలియజూసి, "ఈ కంప్యూటర్ ఈడ ఉండొద్దు," అని తేల్చేసింది. గఫార్ తన దుకాణంలో ఒక మూల ఖాళీ చేశాడు. కంప్యూటర్ కిందికి దిగింది, తెర రోడ్డు వైపుకు తిరిగింది. పోయేవాళ్లు వచ్చేవాళ్లు ఆగి, ఎవరి పెళ్లో చూసి పోయేవాళ్లు.

తండాకు పోయి తల్లికీ నిజం చెప్పాడు. దేనివల్లనో చెప్పలేదు. ఆట వీడియో రాలేదని, తాను అబద్ధమాడానని చెప్పాడు. మోతీబాయి కాసేపు చిన్నబుచ్చుకుంది. "నన్ను చూసినోళ్లు గంతమంది ఉండిరి, వాళ్ల కండ్లల్ల ఉన్న గదా," అని రొట్టె కాల్చడానికి లేచింది.

అన్నీ ఒక్కసారి చక్కబడలేదు. సమ్మె ముగిసి కరెంటు మామూలైన కొత్తలో అతను జారిపోయాడు. తర్వాతి ఏడు కొత్త సెల్‌ఫోన్ కొని మళ్లీ జారాడు. ఆ ఫోన్ అమ్మేసి నంబర్లు నొక్కే పాత రకానికి మారాడు. ప్రతిసారీ డాక్టరు దగ్గరికి పోయి, దించిన తలను కొంచెం ఎత్తుకుని వచ్చేవాడు. మనసు లాగినప్పుడు మెట్లు దిగి గఫార్ పక్కన కూర్చుని ఫ్రేములకు మేకులు కొట్టేవాడు. సాయంత్రాలు ధూంధాం పాటల సభలకు, దీక్షా శిబిరాలకు పోయేవాడు. అక్కడ మైకులో ఎవరి యాసలో వాళ్లు మాట్లాడేవాళ్లు. ఒకసారి బిక్షపతి సారు బలవంతాన మైకు చేతికిస్తే, తండా మాట కలిసిన తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

విజయ కూడా దుకాణానికి రావడం మొదలుపెట్టింది. మొదట కాపలాకే వచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఊరికే కూర్చోలేక ఎడిటింగ్ నేర్చుకుంది. ఎక్కడ కోయాలో, ఎక్కడ పాట కలపాలో ఆమె చెబుతుంటే గఫార్ "బీబీ ముంగట నీ పని గాదు తుల్సీ!" అని నవ్వేవాడు. కలిసి పని చేస్తుంటే మాటలు వచ్చాయి. మాటలు వచ్చాక, చాలా మెల్లగా, మిగతావీ వచ్చాయి.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఎండాకాలంలో కాటారంలో ఒక పెళ్లికి ఇద్దరూ కలిసి వెళ్లారు. అతను వీడియో, ఆమె లైట్లు. తిరుగు బస్సులో, అడవి దాటుతుండగా, తుల్సీరాం గొంతు సవరించుకున్నాడు.

"నీకొక మాట చెప్పాలె. మొన్న దసరప్పుడు ఒకసారి జారిన. మళ్ల చూడలె. నీకు చెప్పనీకి ధైర్యం రాలె."

విజయ కిటికీ నుంచి ఇటు తిరిగింది. ఈసారి అతను చూపు తిప్పుకోలేదు.

"ఇప్పుడన్న చెప్పినవు," అంది. "ఈ వారం డాక్టర్ తానికి పోదాం. నేను గూడ వస్త."

భూపాలపల్లి బస్టాండులో బస్సు ఆగింది. మిర్చి బజ్జీల వాసన కిటికీలోకి వచ్చింది. "ఆకలైతుంది, దిగు దిగు," అంటూ విజయ లైట్ల సంచి భుజాన వేసుకుని, అతని కంటే ముందు మెట్లు దిగింది.