అపోండి మంచం కింద దోమతెరలు

మా తోడికోడలు అపోండి వస్తోందంటే ఊరి పిల్లలు మేకల కొట్టంలో దూరేవాళ్ళు. జ్వరమన్న ప్రతివాళ్ళ వేలూ పొడిచి, రక్తపు బొట్టు పరీక్ష పట్టీ మీద వేసి, మలేరియా గీత పడిందో లేదో చూడడం దాని పని. జీతం లేదు, ఒక పసుపు చొక్కా ఇచ్చారు. అది తొడుక్కుంటే మా సరస్సు ఒడ్డున అంత ఠీవిగా నడిచే మనిషి లేదు, నేను తప్ప.

ఏటేటా గీతలు తగ్గుతూ వచ్చాయి. ఈ వానల్లో ఒక్కటీ పడలేదు. ఇంకో నెల ఇలాగే గడిస్తే ఆసుపత్రి గోడ మీది పటంలో మా ఊరికి మలేరియా పోయిందని ఆకుపచ్చ రంగు వేస్తామన్నారు. అంతలో మా మామగారు పోయారు.

మా లువో తెగలో పెద్దాయన పోతే చుట్టాలంతా వాకిట్లోనే చాపలేసుకుని పడుకోవాలి. అపోండి దోమతెరల మూట తెచ్చి చెట్టుకు తాడు కట్టబోయింది. మా చిన్న మరిది ఒచోలా చూశాడు.

"ఏం వదినా, నాన్న శవం లోపలుంటే బయట పెళ్ళిపందిరేస్తున్నావా?"

"దోమలకి చావిల్లని తెలుస్తుందా?"

"నీకంత నిద్రొస్తే పుట్టింటికి పో. మేం ఏడవడానికొచ్చాం."

జనం నవ్వారు. చావింట కూడా నవ్వించే నోరు వాడిది. అపోండి మూట తీసుకెళ్ళి తన మంచం కిందికి తోసేసింది.

రెండు వారాలకు ఒచోలా కూతురు అకేయోకి ఒళ్ళు కాలిపోయింది. అపోండి వేలు పొడిచింది. గీత పడింది. మందు వేసినా మధ్యాహ్నానికి ఫిట్సు వచ్చాయి. మోటారు సైకిలు మీద ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్ల బతికింది కానీ, అపోండికి సంకటి ముద్ద దిగలేదు.

"ఆ మూట మీదే పడుకుంటున్నానక్కా," అనేది.

"అయితే తీసి పారెయ్," అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

మలేరియా లెక్కలు చూసే ఆఫీసరు వచ్చి ఊరందరి ముందూ అపోండిని అడిగాడు. "పాప ఈ మధ్య వేరే ఊరెళ్ళిందా అమ్మా? బయట అంటుకున్న జ్వరమైతే మీ ఊరి లెక్కలోకి రాదు. రంగు వేసేస్తాం."

"కిసుము పట్నం వెళ్ళిందని చెప్పు వదినా," ఒచోలా గొణిగాడు. అందరి కళ్ళూ అపోండి నోటి మీదే.

"ఎక్కడికీ వెళ్ళలేదు," అంది. "మా వాకిట్లోనే కుట్టింది. తెరలు నా దగ్గరున్నాయి. నలుగురూ నవ్వారని దాచేశాను. ఇది మా ఊరి జ్వరమే, నా వల్ల వచ్చిందే. అలాగే రాసుకోండి."

ఆకుపచ్చ రంగు పోయింది. జనం సణుగుతూ లేచారు. అపోండి సూదుల పెట్టె తెరిచింది.

"చావింట పడుకున్నవాళ్ళందరూ ఇలా వచ్చి వేళ్ళు చాపండి. ఇంకెవరిలో ఉందో."

ఒక్కరూ కదల్లేదు. చివరికి ఒచోలా వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి చాపాడు.

"గట్టిగా పొడువు వదినా."

అది మెల్లగానే పొడిచింది. నేనైతే గట్టిగానే పొడిచేదాన్ని.