మైనమక్క మీద మోపిన బుడగలు

ఆ కాగితాన్ని పొద్దున్నే నోటీసు బోర్డు మీద అంటించారు. మూడే వాక్యాలు. పంటి క్యాపుల్లో బుడగలు రావడానికి కారణం ప్రెస్సింగ్ సెక్షన్‌లోని అశ్రద్ధ అని మొదటిది. ఆ సెక్షన్ సీనియర్ టెక్నీషియన్‌ని ముందు పళ్ళ పని నుంచి తప్పిస్తున్నామని రెండోది. మిగతావాళ్ళు దీన్ని హెచ్చరికగా తీసుకోవాలని మూడోది. పేరు రాయలేదు. రాయాల్సిన పనీ లేదు, ఆ సెక్షన్‌లో సీనియరూ జూనియరూ అన్నీ ఆవిడొక్కతే.

మేమంతా ఆవిడని మైనమక్క అనేవాళ్ళం. మైనంతో పన్ను చెక్కడం మొదలుపెడితే పక్కన పిడుగు పడినా తల తిప్పదు. డాక్టర్లు పంపే కొలతలను బట్టి పళ్ళకి తొడిగే సిరామిక్ క్యాపులు చేసే ల్యాబ్ మాది. ఆవిడ పోత పోస్తే నేను రంగులు వేసేదాన్ని. పదకొండేళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేశాం. ఆ కాగితం చూడగానే నాకు ఒళ్ళు మండింది. మండింది కానీ నోరు పెగల్లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, నన్నేదో ధైర్యస్తురాలిని అనుకోకుండా.

ఆవిడ పని ఇలా ఉంటుంది. మైనంతో పన్ను చెక్కి, దానికి కాడలా సన్నటి మైనపు పుల్ల అతికించి, చుట్టూ అచ్చుపొడి కలిపి పోస్తుంది. అది గట్టిపడ్డాక కొలిమిలో పెడితే మైనం కాలిపోయి, పన్ను ఆకారంలో ఖాళీ మిగులుతుంది. తర్వాత ఆ అచ్చుని ప్రెస్ ఫర్నేస్‌లోకి మార్చి, సిరామిక్ బిళ్ళ పెట్టి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, బిళ్ళ మెత్తబడ్డాక ఆ ఖాళీలోకి నొక్కాలి. గాలి మిగిలిందా, పన్నులో బుడగ మిగిలినట్టే. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ చేసిన పన్ను వెనక్కి రావడం నేను రెండుసార్లు విన్నాను. ఆ రెండూ కొలత తేడాలే.

ల్యాబ్ పెట్టిన పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు ముదిరాక, ఆయన అల్లుడు మేనేజరుగా వచ్చాడు. వచ్చేపోయే డాక్టర్లకి మన మిషన్లు కనబడాలి అన్నాడు. ఫర్నేస్‌ని ముందు గదిలోకి, గాజు గోడ వెనక్కి మార్పించాడు. పంపు చప్పుడు చేస్తుంది కాబట్టి దాన్ని మాత్రం లోపలే ఉంచి, గోడకి కన్నం కొట్టి పొడుగు గొట్టం లాగించాడు. రెండు వారాలు తిరక్కుండా బుడగలు మొదలయ్యాయి.

మొదట ఒకటీ అరా. తర్వాత ప్రతి ట్రేలోనూ. చివరికి బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఆవిడకి మేం పంపిన ముందు పంటి క్యాపు, మైకు ముందే విరిగింది. మాటలో గాలి పోతుంటే బెంచీల మీద జనం నవ్వారట. ఆవిడ వారం రోజులు ఉద్యోగానికి వెళ్ళలేదు. విరిగిన ముక్కని, ఆ క్యాపు తొడిగిన డాక్టరమ్మ మాకు తిప్పి పంపింది. మైనమక్క దాన్ని దీపానికి అడ్డం పెట్టి చూసి నా చేతికిచ్చింది. విరిగిన అంచు నిండా సూదితో పొడిచినట్టు చుక్కలు.

మేనేజరు ఆవిడని పిలిపించాడు. ట్రే ఇవ్వడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"ఏమ్మా, అచ్చుపొడి సరిగ్గా కలపట్లేదా? చేతులు వణుకుతున్నాయా?"

"నా చేతులకేం కాలేదు సార్. కలపడంలో గాలి ఉండిపోతే క్యాపు పైన చిన్న గింజలా పొడుచుకొస్తుంది. గీకేస్తే పోతుంది. ఇది అలా కాదు, సిరామిక్ లోపలే ఉంది. ఫర్నేస్ గాలి లాగుతోందో లేదో ఒకసారి చూపించండి."

"పంపు తిరుగుతూనే ఉంది కదా. మిషన్‌కి వంక పెట్టే ముందు మీ కళ్ళజోడు నంబరు చూపించుకోండి."

మైనం ఏ వేడికి కరుగుతుందో కూడా తెలియని మనిషి ఆవిడ కళ్ళ గురించి మాట్లాడాడు. మర్నాడే ఆ కాగితం. అది చాలదన్నట్టు, తప్పు మా పాత టెక్నీషియన్‌దే అని డాక్టరమ్మకి ఉత్తరం కూడా రాశాడు.

మైనమక్క ఏడవలేదు. బల్ల దగ్గర కూర్చుని, "తిడితే పడతాను. నా పనికి వంక పెట్టాలంటే ముందు నా పనేంటో తెలియాలి కదా" అంది.

ఆవిడ భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆ సాయంత్రం సంగతంతా విని, "పంపు తిరిగినంత మాత్రాన గాలి లాగుతోందని ఎవరు చెప్పారే నీకు? గొట్టం ఎక్కడో కారుతుంటే అది రోజంతా తిరిగినా దండగే" అన్నాడట. "కానీ ముందు నీ వైపు తప్పు లేదని తేల్చుకో. తర్వాత వాళ్ళ మీద పడు."

అలాగే చేసింది. ముందు పళ్ళు బయటి ల్యాబ్‌కి పంపుతున్నా, దవడ పళ్ళ పని ఇంకా ఆవిడదే కాబట్టి, రోజుకొక్కటే మార్చింది. ఒకరోజు కొత్త అచ్చుపొడి ప్యాకెట్టు విప్పింది. ఒకరోజు మైనం కాలడానికి ఇంకో అరగంట ఇచ్చింది. ఇంకోరోజు సిరామిక్ బిళ్ళల పెట్టె మార్చింది. ప్రతిదీ పుస్తకంలో రాసుకుంది. బుడగలు మాత్రం చెక్కు చెదరలేదు.

శుక్రవారం మేనేజరు ఊళ్ళో లేడు. "ఆ పంపుని ముందు గదిలోకి మోయడానికి ఓ చెయ్యి వెయ్యి" అంది నాతో.

నేను తటపటాయించాను.

"నీ ఉద్యోగం పోదులే. అడిగితే నేనొక్కదాన్నే ఈడ్చుకొచ్చానని చెప్తా."

సిగ్గేసి లేచాను. పంపుని ఫర్నేస్ పక్కనే పెట్టి, పాత పొట్టి గొట్టం తగిలించాం. అదే పొడి, అవే బిళ్ళలు, అవే చేతులు. అయిదు క్యాపులు నొక్కింది. చల్లారాక అచ్చు పగలగొట్టి, వాటిని అరగదీసి దీపం ముందు పెట్టాను. ఒక్క చుక్క లేదు.

అప్పుడు పొడుగు గొట్టం వెంట వెతుక్కుంటూ వెళ్ళాం. అద్దాల అలమర వెనక రెండు వేర్వేరు సైజుల గొట్టాలని ఒకదాంట్లో ఒకటి దోపి, టేపు చుట్టారు. ఆ అతుకు మీదే అలమర కాలు. ఇంకో సంగతి కూడా బయటపడింది. గాలి సరిగ్గా లాగకపోతే ఫర్నేస్ కూత పెడుతుంది. ముందు గదిలో బిగించి నడిపి చూసిన రోజే అది కూసింది. గాజు గదిలో ఆ గోల బాగోలేదని మేనేజరు దాన్ని ఆపించేశాడట. గొట్టం బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే అతనే చెప్పాడు. ఫర్నేస్ తప్పు తనదేనని మొత్తుకుంటే దాని నోరు నొక్కేసి, తెచ్చి ఈవిడ నెత్తిన రుద్దారు.

సోమవారం పెద్దాయన కర్ర పట్టుకుని మీటింగుకి వచ్చారు. మైనమక్క తన పుస్తకం ముందే ఆయనకి పంపింది. అయినా మేనేజరు లేచి, "గొట్టంలో చిన్న సమస్య ఉందని మేం పరిశీలించి కనుక్కున్నాం" అని మొదలుపెట్టాడు.

"మేం అంటే ఎవరు సార్?" అంది మైనమక్క.

"మనమంతా ఒకటే టీం కదమ్మా."

"బుడగలు వచ్చినప్పుడు నేనొక్కదాన్నే. పోయాక అందరమా?"

పంపుకి రెండో చెయ్యి నాదే అని ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది.

పెద్దాయన అల్లుడి వంక చూడకుండానే, "ఆ కాగితం తీసెయ్" అన్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్తాలే అన్నాడు మేనేజరు. మైనమక్క ఒప్పుకోలేదు. "నింద కాగితం మీద వేశారు. కాగితం మీదే తీసేయండి." పెద్దాయన స్వయంగా రాశారు. 'సాంకేతిక కారణాల వల్ల' అని ఉంటే ఆవిడ వెనక్కి ఇచ్చింది. "గొట్టం అని రాయండి సార్. ఆ మాట ఉంటేనే అర్థమవుతుంది." ఆయన కొట్టేసి, గొట్టం అనే రాశారు. టెక్నీషియన్ తప్పేమీ లేదని కూడా చేర్చారు.

బస్టాండు ఆవిడకి కొత్త క్యాపు మైనమక్కే చేసి, ఉత్తరంతో పాటు క్లినిక్‌కి పట్టుకెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"ఎవరో ముసలావిడ నిర్లక్ష్యం అన్నారే నాతో" అంది ఆవిడ కుర్చీలో కూర్చుని.

"ఆ ముసలావిడ నేనేనమ్మా. నాకు యాభై రెండేళ్ళు."

డాక్టరమ్మ ఉత్తరం చదివి, రోగికి వినబడేలా మళ్ళీ చదివింది. క్యాపు కూర్చున్నాక బస్టాండు ఆవిడ అద్దంలో చూసుకుని, ఏడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గరున్న బస్సు గురించి గొంతెత్తి ఒకసారి చెప్పి చూసుకుంది. ఎక్కడా గాలి పోలేదు. మైనమక్క ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఫర్నేస్ మళ్ళీ లోపలి గదికి వచ్చింది, కూతతో సహా. మేనేజరు ఇప్పటికీ మేనేజరే. క్షమించమని ఒక్కమాట అనలేదు. ఎదురుపడితే పలకరిస్తాడు, ఏమీ జరగనట్టు. అది చూస్తే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మొన్న టీ తాగుతూ అడిగాను. "కోపం ఇంకా ఉందా అక్కా?"

"ఉంది. నీ మీద కూడా కొంచెం ఉంది" అంది, మైనం చెక్కే కత్తిని మంట మీద వేడిచేసుకుంటూ.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?